దోమను చూడటం నేర్చుకో తల్లీ

చిరంజీవి మనవరాలికీ, నీ ఈడు పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్లో నువ్వడిగిన మాట నా మనసులోంచి పోవడం లేదు. "డెంగ్యూ పోవాలంటే దోమల్ని చంపాలి గానీ, పెంచి మరీ ఊరి మీదికి వదులుతారా అమ్మమ్మా? ఎవరైనా ఒప్పుకునే పనేనా అది?" అన్నావు. మంచి ప్రశ్న. కానీ ఫోన్లో రెండు ముక్కల్లో తేలే జవాబు కాదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ జువాలజీ పాఠాలు చెప్పినదాన్ని, పురుగూ పుట్రా అంటే నాకు ప్రాణమని నీకు తెలుసు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గానే చదువు. నీ స్నేహితులకు కూడా చూపించు, ముఖ్యంగా సైన్సు చదువుతూ ఇందులో ఏముందిలే అని నిరుత్సాహపడుతున్న వాళ్లకు.

ముందు అలా వదిలే దోమల్లో ఉండే సూక్ష్మజీవి సంగతి చెబుతాను. దాని పేరు వోల్బాకియా. పురుగుల కణాల లోపలే బతికే బాక్టీరియా అది, బయట బతకలేదు. లోకంలోని కీటక జాతుల్లో సుమారు సగానికి దానితో సావాసం ఉందని అంచనా. అరటిపండు మీద ముసిరే చిన్న ఈగల్లో ఉంది, సీతాకోకచిలుకల్లో ఉంది, మన మురుగు కాలువల్లో పుట్టి రాత్రంతా చెవి దగ్గర రొద పెట్టే క్యూలెక్స్ దోమలోనూ ఉంది. 1924లో అమెరికాలో మార్షల్ హెర్టిగ్, సైమియన్ వోల్బాక్ అనే ఇద్దరు మొదటిసారి దీన్ని దోమ ఒంట్లో చూశారు. వాళ్లేమీ డెంగ్యూకు విరుగుడు వెతకడం లేదు. పురుగుల లోపల ఏయే సూక్ష్మజీవులుంటాయో చూద్దామని ఒక్కొక్క పురుగునూ కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తున్నారు. హెర్టిగ్ దాన్ని వదలకుండా పట్టుకుని 1936లో పూర్తి వివరం రాసి, సహచరుడి పేరే దానికి పెట్టాడు. తర్వాత చాలాకాలం దాని జోలికి పెద్దగా ఎవరూ పోలేదు. మనిషికి ఏ రోగమూ తెప్పించని సూక్ష్మజీవితో ఎవరికి పని? ఇవాళ నువ్వు వార్తల్లో వింటున్న ప్రయోగాలన్నీ ఆ ఇద్దరి నింపాదైన చూపులో మొదలైనవేనమ్మా. అలాంటి చూపే మన దగ్గర కనుమరుగవుతోందని నా బెంగ. అక్కడికి తర్వాత వస్తాను.

ఈ బాక్టీరియా తల్లి దోమ గుడ్డులోంచే పిల్లలకు వస్తుంది, తండ్రి నుంచి రాదు. కాబట్టి ఆడదోమల వంశం పెరిగితేనే దాని వంశమూ పెరుగుతుంది. అందుకోసం అది చేసే పని చూడు. బాక్టీరియా ఉన్న మగదోమ, అది లేని ఆడదోమతో కలిస్తే ఆ గుడ్లు పిల్లలు కావు. అదే ఆడదోమలో బాక్టీరియా ఉందనుకో, మగదోమ ఎలాంటిదైనా సరే పిల్లలు పుడతాయి, ఆ పిల్లల్లోనూ బాక్టీరియా ఉంటుంది. అంటే తరం గడిచేకొద్దీ బాక్టీరియా లేని దోమలు తగ్గుతూ, ఉన్నవి పెరుగుతూ పోతాయి. 1967లో హానెస్ లావెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త బర్మాలో రంగూన్ దగ్గరి ఒక్పో అనే ఊళ్లో ఇలాంటి మగ క్యూలెక్స్ దోమల్ని వదిలి, ఆ ఊరి దోమల గుడ్లు పిల్లలు కాకుండా చేసి చూపించాడు. అలా ఎందుకు జరుగుతోందో అప్పటికి తెలియదు. దాని వెనకున్నది హెర్టిగ్ చూసిన ఆ బాక్టీరియాయేనని 1971లో యెన్, బార్ అనే ఇద్దరు తేల్చారు.

ఇక్కడ మన దేశం కథ ఒకటి నీకు చెప్పాలి. మీ పాఠ్యపుస్తకాల్లో ఇది ఉండదు. 1970 ప్రాంతంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ పరిశోధన విభాగం పెట్టాయి. డబ్బు అమెరికా ప్రభుత్వానిది. మగదోమల్ని గొడ్డుపోయేలా చేసి వదిలి, దోమల సంతతిని తగ్గించవచ్చా అని అక్కడ పరిశోధించారు. ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో క్యూలెక్స్ దోమల్ని వదిలి చూశారు. తర్వాత సోనీపట్‌లో, డెంగ్యూ మోసే ఏడిస్ ఈజిప్టి దోమతో పెద్ద ప్రయోగానికి సిద్ధమయ్యారు. 1974లో పత్రికల్లో గగ్గోలు పుట్టింది. ఇది దోమల నివారణ కాదు, జీవాయుధాల పరీక్ష అని రాశారు. పార్లమెంటు దాకా వెళ్లింది. 1975లో మొత్తం పని ఆపేశారు, విభాగాన్నే మూసేశారు. అనుమానించిన వాళ్లది తప్పని నేననను తల్లీ. పరాయి దేశం డబ్బుతో మన ఊళ్లలో ఏం వదులుతున్నారో అడిగే హక్కు ప్రజలకు లేదా? అయితే దానికి జవాబును జనం భాషలో, జనం మధ్య నిలబడి చెప్పినవాళ్లు కరువయ్యారు. మా తరం చదువుకున్న వాళ్లం చేయాల్సింది అదే. చేయలేదు. పేపరు చదివి కొందరం భయపడ్డాం, కొందరం మాకెందుకని ఊరుకున్నాం. క్లాసులో దోమ బొమ్మ గీయించి భాగాలు గుర్తించమన్నామే గానీ, ఈ వివాదంలో నిజమెంత, అనుమానమెంత అని పిల్లల ముందు విప్పి చెప్పలేదు. ఆ లోటు మీరు తీర్చాలని నా ఆశ.

మిగతా ప్రపంచంలో పని ఆగలేదు. ఆస్ట్రేలియాలో స్కాట్ ఓనీల్ అనే ఆయన ఈ బాక్టీరియా వెంట ఏళ్ల తరబడి పడ్డాడు. చిక్కేమిటంటే, డెంగ్యూ మోసే ఏడిస్ ఈజిప్టి దోమలో వోల్బాకియా సహజంగా ఉండదు. పండ్ల ఈగలోంచి తీసి, దోమ కణాల్లో పెంచి అలవాటు చేసి, కంటికి ఆనని సూదితో దోమ గుడ్లలోకి ఎక్కించాలి. వేల గుడ్లకు ఏ ఒక్కటో నిలుస్తుంది. మొదట వాళ్లు దోమ ఆయుష్షును తగ్గించే రకాన్ని ఎంచుకున్నారు. డెంగ్యూ వైరస్ దోమ ఒంట్లో పెరిగి కాటు దాకా రావడానికి వారం, పది రోజులు పడుతుంది, ఆలోగా దోమ చచ్చిపోతే చాలునని ఆలోచన. తీరా చూస్తే ఆ రకం తేలికగా నిలిచేది కాదు. దోమకు మరీ బరువైపోయింది. ఈలోగా ఇంకొక సంగతి బయటపడింది. ఈ బాక్టీరియా ఒంట్లో ఉన్న దోమలో వైరసే సరిగా పెరగడం లేదు. వైరస్‌కు కావలసిన కొవ్వు పదార్థాల్ని ఇది ముందే వాడేసుకుంటుందనీ, దోమ రోగనిరోధక శక్తిని మేల్కొలుపుతుందనీ రెండు కారణాలు చెబుతారు. ఇంట్లో అద్దెకు దిగినవాడు తన గది కోసం దొంగను గుమ్మం దగ్గరే ఆపినట్టన్నమాట. దాంతో దోమను చంపే రకాన్ని పక్కనపెట్టి, దాన్ని పెద్దగా బాధించని రకాన్ని తీసుకున్నారు. 2011 జనవరిలో కెయిర్న్స్ పట్టణం పక్కన యార్కీస్ నాబ్, గోర్డన్‌వేల్ అనే రెండు చోట్ల వదిలితే కొన్ని నెలల్లోనే అక్కడి దోమలు దాదాపు అన్నిట్లోకీ పాకింది. నీ ప్రశ్నకు జవాబు ఇదేనమ్మా. దోమల్ని పెంచి వదిలేది ఊళ్లో దోమలు పెంచడానికి కాదు, ఊళ్లో ఉన్న దోమలకే వైరస్ మోసే బలం తగ్గించడానికి.

ఇది నిజంగా జబ్బును తగ్గిస్తుందా అని గట్టిగా తేల్చింది మాత్రం ఇండోనేసియాలోని యోగ్యకర్తా నగరం. అక్కడి గజా మదా విశ్వవిద్యాలయానికి చెందిన ఆది ఉతారిణి అనే ఆవిడ నాయకత్వంలో ఆ ప్రయోగం జరిగింది. నగరాన్ని 24 ముక్కలు చేసి, చీట్లు వేసినట్టు 12 ముక్కల్లో మాత్రమే ఈ దోమల్ని వదిలారు. చిన్న బకెట్లలో నీళ్లు పోసి, గుడ్లున్న కాగితం ముక్క, కాస్త మేత వేసి, ఇళ్ల పెరళ్లలో పెట్టారు. రెండు వారాలకోసారి మార్చారు. ఆ బకెట్‌ను తమ ఇంట్లో ఉంచుకోవడానికి ఒప్పుకున్నది అక్కడి మామూలు జనమే. తర్వాత జ్వరంతో ఆరోగ్య కేంద్రానికి వచ్చినవాళ్లను పరీక్షించి లెక్క తీస్తే, దోమల్ని వదలని ముక్కల్లో నూటికి 9.4 మందికి డెంగ్యూ తేలింది, వదిలిన ముక్కల్లో నూటికి 2.3 మందికే. అంటే డెంగ్యూ 77 శాతం తగ్గింది. ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవాళ్లు 86 శాతం తగ్గారు. డెంగ్యూలో నాలుగు రకాల వైరస్‌లు ఉన్నాయి కదా, నాలుగింటి మీదా పనిచేసింది. 2021లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ అంకెల కన్నా నాకు ఎక్కువ నచ్చింది అంతకు ముందు జరిగిన పని. దోమల్ని వదలక ముందు వాళ్లు వాడవాడలా కూర్చుని, జనం అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పారు. మన ఢిల్లీలో జరగనిది అక్కడ జరిగింది.

బ్రెజిల్‌లో నితెరోయి నగరంలో డెంగ్యూ 69 శాతం తగ్గిందని లెక్క తేలాక, 2025లో కురిచీబాలో వారానికి 10 కోట్ల గుడ్లు తయారుచేయగల కేంద్రాన్ని తెరిచారు. సింగపూర్‌ది వేరే దారి. వాళ్లు 2016 నుంచి మగదోమల్నే వదులుతున్నారు. మగదోమ కుట్టదు కాబట్టి జనానికి బాధ లేదు, గుడ్లు పిల్లలు కావు కాబట్టి దోమలే తగ్గుతాయి. కాకపోతే వదలడం ఆపితే దోమలు మళ్లీ వస్తాయి. ఎప్పటికీ వదులుతూనే ఉండాలి. ధనిక నగరానికి అది సాగుతుంది. మనలాంటి పెద్ద దేశానికి ఒకసారి పాకి నిలిచిపోయే దారే నయమని నా అభిప్రాయం.

మన దేశంలో ఈ పని పుదుచ్చేరిలో జరుగుతోంది. ఢిల్లీ విభాగం మూతపడిన ఆ 1975లోనే అక్కడ ఐసీఎంఆర్ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌ను మొదలుపెట్టింది. ఆస్ట్రేలియా నుంచి గుడ్లు తెప్పించి, వాటిని పుదుచ్చేరి దోమలతో కలిపి, రెండు రకాల వోల్బాకియా ఉన్న దోమల సంతతిని తయారుచేశామని 2022లో వాళ్లు ప్రకటించారు. రెండు రకాలు ఎందుకంటావా? పండ్ల ఈగ నుంచి తెచ్చిన రకం ఎండకు తట్టుకోలేదు. నీళ్లు బాగా వేడెక్కే చోట పెరిగిన దోమల్లో ఆ బాక్టీరియా తగ్గిపోతుంది. ఆసియా పులిదోమ నుంచి తెచ్చిన రెండో రకం వేడికి కాస్త గట్టిది, మలేసియాలో కౌలాలంపూర్ దగ్గర దాన్నే వాడారు. మన రోహిణి కార్తె ఎండల్లో డాబా మీది డ్రమ్ములో నీళ్లు ఎలా కాగుతాయో నీకు తెలుసు. అలాంటి చోట ఏది నిలుస్తుందో ఏ విదేశీ కాగితమూ మనకు చెప్పలేదు. మన డ్రమ్ముల్లోని దోమపిల్లల్ని మనవాళ్లే పట్టి చూసి తేల్చాలి.

మన గోదావరి జిల్లాల వాళ్లకు ఈ బాక్టీరియాతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. బోదకాలు పేరు నువ్వు విన్నావో లేదో. నా చిన్నతనంలో ఏ వీధికి వెళ్లినా కాలు వాచి స్తంభంలా అయిపోయిన వాళ్లు కనిపించేవారు. వాళ్లకు పెళ్లిళ్లు తప్పిపోయేవి, పనులు పోయేవి, చీర కుచ్చిళ్ల చాటున కాలు దాచుకుని బతికిన ఆడవాళ్లు ఎందరో. ఆ జబ్బు తెచ్చే ఫైలేరియా పురుగును మోసేది మురుగునీటి క్యూలెక్స్ దోమ. ఆ దోమలో వోల్బాకియా ఉందని ముందే చెప్పాను, అయినా అది ఫైలేరియాను ఆపలేదు. విచిత్రం ఏమిటంటే, ఆ ఫైలేరియా పురుగు ఒంట్లోనూ వేరే రకం వోల్బాకియా ఉంది. అది లేకపోతే పురుగు పిల్లలు పెట్టలేదు, క్రమంగా చచ్చిపోతుంది. అందుకే డాక్సీసైక్లిన్ అనే మామూలు యాంటీబయాటిక్‌తో ఆ బాక్టీరియాను చంపి, దానిద్వారా పురుగును చంపవచ్చని తేల్చారు. వారాల తరబడి వేసుకోవాలి, గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఇవ్వకూడదు, అందుకే అందరికీ పంచే మాత్రల్లో అది చేరలేదు. డాక్టర్ చెబితేనే వేసుకోవాలి. ఒకే బాక్టీరియా ఒకచోట రోగాన్ని ఆపుతోంది, ఇంకోచోట రోగం తెచ్చే పురుగును బతికిస్తోంది. మంచి సూక్ష్మజీవి, చెడ్డ సూక్ష్మజీవి అని గీత గీసుకుని కూర్చుంటే ఈ రెండూ కనబడేవి కావు.

మలేరియా మోసే అనాఫిలిస్ దోమ కథ వేరు. అందులో వోల్బాకియాను నిలబెట్టడం కష్టంగానే ఉంది. అయితే అక్కడా పురుగు లోపలి సూక్ష్మజీవులే కొత్త దారి చూపిస్తున్నాయి. స్పెయిన్‌లో ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో పెంచుతున్న దోమలకు ఉన్నట్టుండి మలేరియా క్రిమి ఎక్కడం మానేసింది. పనికిరాని దోమలని పారేయకుండా, ఎందుకలా జరుగుతోందని వాటి పొట్ట వెతికితే డెల్ఫ్టియా అనే బాక్టీరియా దొరికింది. 2023లో ఆ సంగతి ప్రకటించారు. చైనాలోని యునాన్‌లో అడవి దోమల పేగుల్లోంచి తీసిన ఇంకో బాక్టీరియా డెంగ్యూ, జికా వైరస్‌లను అడ్డుకుంటోందని 2024లో చెప్పారు. ఇవి ఇంకా తొలి అడుగులే. అయినా చూడు, ప్రతిచోటా ఎవరో ఒకరు దోమను పట్టి, కోసి, ఓపిగ్గా చూశారు.

నా బెంగ ఇక్కడే ఉందమ్మా. మలేరియా క్రిమిని దోమ పొట్టలో మొట్టమొదట చూసింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ బేగంపేటలో చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి కాటుకు ఒక అణా చొప్పున తీసుకుని, దోమల చేత కుట్టించుకోబట్టి అది సాధ్యమైంది. తర్వాత మన ఊళ్లలో మలేరియా, ఫైలేరియా విభాగాలలో కీటకాలు పట్టేవాళ్లుండేవారు. చీకటి పడ్డాక టార్చిలైటు, గాజుగొట్టం పట్టుకుని ఇంటింటికీ వచ్చి, గోడ మీద వాలిన దోమల్ని నోటితో గాలి పీల్చి గొట్టంలోకి లాగేవారు. ఏ దోమ ఏ గోడ మీద వాలుతుందో, ఏ నెలలో పెరుగుతుందో వాళ్లకు కంఠతా వచ్చు. డీడీటీ అనే దోమల మందు వచ్చాక దోమల పని అయిపోయిందనుకున్నాం. స్వాతంత్ర్యం నాటికి ఏటా ఏడున్నర కోట్ల మందికి వచ్చే మలేరియా 1965 నాటికి లక్షకు దిగింది. ఇక చూడక్కర్లేదనుకున్నాం. 1976లో 64 లక్షలకు పైగా వచ్చి పడింది. దోమలు మందుకు అలవాటుపడిపోయాయి, మనం చూడటం మానేశాం. ఇప్పుడు ఆ గొట్టాలు పట్టినవాళ్లు ఒక్కొక్కరూ రిటైరైపోతున్నారు. కాలేజీల్లో కీటకశాస్త్రం తీసుకునే పిల్లలు తగ్గిపోతున్నారు. రేపు వోల్బాకియా దోమలే వచ్చినా, అవి ఊళ్లో నిలిచాయా, వైరస్ రూపు మార్చుకుని వాటినీ దాటిపోతోందా అని ఏళ్ల తరబడి పట్టి చూడాల్సింది మనుషులే.

అందుకని నిన్ను బతిమాలుకుంటున్నాను. నీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెట్టు. సంపు దగ్గర, కూలర్‌లో, పెరట్లో పాత రోట్లో నిలిచిన నీళ్లలో చూడు. నీటి మట్టానికి సమంగా పడుకుని ఉంటే అనాఫిలిస్ పిల్ల, తలకిందులుగా వేలాడుతుంటే క్యూలెక్సో ఏడిసో. కాళ్ల మీద తెల్లపట్టీలతో పగలే కుడుతుంటే ఏడిస్. దాని గుడ్లు నీటి అంచుకు పైన గోడకు అతుక్కుని, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి నీటి పాత్రలు ఖాళీ చేసే డ్రై డే నాడు నీళ్లు పారబోస్తే చాలదు, పీచు పెట్టి గోడ రుద్దాలి. ఏ బాక్టీరియా వచ్చినా ఈ పని తప్పదు. నువ్వు చదివేది మైక్రోబయాలజీ కాబట్టి కుదిరితే సెలవుల్లో పుదుచ్చేరి వెళ్లి ఆ కేంద్రంలో ఎలా పనిచేస్తారో కనుక్కో. మీలో ఒక్కరైనా ఈ చదువులోకి వెళితే నా ఆశీస్సులన్నీ వాళ్లకే. జీతం గొప్పగా ఉంటుందని అబద్ధం చెప్పను. పని మాత్రం కోట్ల మందికి అక్కరకొచ్చేది.

ఎప్పుడైనా మన ఊళ్లో ఈ దోమల్ని వదులుతామని సభ పెడితే, వాట్సాప్‌లో వచ్చే భయాలు పక్కనపెట్టి, వాళ్లు చెప్పిందల్లా నమ్మడమూ పక్కనపెట్టి, నువ్వు వెళ్లి ముందు వరసలో కూర్చో. ఏ రకం బాక్టీరియా, మన ఎండకు నిలుస్తుందా, ఎన్నాళ్లు వదులుతారు, జ్వరాల లెక్క ఎవరు చూస్తారు, ఆ లెక్క మాకెప్పుడు చూపిస్తారు అని ఒక్కొక్కటీ అడుగు. జవాబు తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా చెప్పేదాకా వదలకు. చెప్పింది సబబుగా ఉంటే, ఆ బకెట్ మన పెరట్లో పెట్టుకుంటామని మొదట చెయ్యెత్తేది నువ్వే కావాలి.

చల్లగా ఉండు తల్లీ.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ